బ్యాంకు వేలంలో ఫ్లాట్ కొంటున్నారా? ముందు పక్కింటివాళ్లను అడగండి

హైదరాబాద్ నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను. మూడో అంతస్తులో ఒక ఫ్లాట్‌ను బ్యాంకు స్వాధీనం చేసుకుని సీలు వేసింది. కొత్తవాళ్లు వచ్చి అందులో పాలు పొంగించేదాకా జరిగిందంతా దగ్గరుండి చూశాను. వేలంలో ఇల్లు కొనాలనుకునేవాళ్లకూ, అలాంటి ఇంటి పక్కన ఉంటున్నవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అమెరికాలో 2008లో ఇంటి అప్పులు కట్టలేక వీధులకు వీధులే ఖాళీ అయినప్పుడు, ఆ ఇళ్లను కొని బాగుచేసి మళ్లీ మనుషుల్ని చేర్చడానికి అక్కడి ప్రభుత్వం రాష్ట్రాలకూ నగరాలకూ మొదటి విడతగా సుమారు 390 కోట్ల డాలర్లు ఇచ్చింది. దాని పేరు నైబర్‌హుడ్ స్టెబిలైజేషన్ ప్రోగ్రామ్. మన దగ్గర అలాంటిది లేదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు తన బాకీ కోసం వేలం వేసుకుంటుంది. ఆ ఇంటిని బాగుచేసుకోవడం కొన్నవాళ్ల పని, అందాకా బ్యాంకు వెంటపడి కాపాడుకోవడం మన పని.

ముందు ఇరుగుపొరుగు సంగతి. తాళం పడిన ఇంట్లో మొదట పాడయ్యేది బాత్‌రూమ్. నీళ్లు పోసేవాళ్లు లేక నహానీ ట్రాప్ (నేల జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే గిన్నె) ఎండిపోతుంది, డ్రైనేజీ వాసన, బొద్దింకలు అందులోంచి పైకి వస్తాయి. బాల్కనీ జాలీ ఆకులతో మూసుకుపోతే వాన నీళ్లు నిలిచి దోమలు. మా కింది ఫ్లాట్‌వాళ్ల వంటింటి స్లాబుకు చెమ్మ దిగి సున్నం పెచ్చులుగా రాలింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే ‘వేలం అయ్యేదాకా ఏమీ చేయలేం’ అన్నారు. ఆ మాట విని ఊరుకోకండి. భౌతికంగా స్వాధీనం చేసుకున్న ఆస్తిని సొంతదారు చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని ఆ చట్టం రూల్స్‌లో 8వ రూల్ బ్యాంకు తరఫున ఆ పని చూసే ఆథరైజ్డ్ ఆఫీసర్‌కే బాధ్యత పెట్టింది. ఆ రూల్ నంబరు వేసి, చెమ్మ ఫోటోలు, మెయింటెనెన్స్ బకాయి లెక్క జతచేసి, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మేం అలా పంపాకే మనిషిని పంపి తలుపు తీయించారు.

ఇక కొనేవాళ్లకు. ప్రభుత్వ బ్యాంకుల వేలాలు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో కనిపిస్తాయి, పేపర్లలోనూ ప్రకటన వేస్తారు. ప్రకటనలో రిజర్వ్ ధర (పాట మొదలయ్యే కనీస ధర) కంటే ముందు చూడాల్సింది పొజిషన్, అంటే స్వాధీనం, సింబాలిక్కా, ఫిజికలా అన్నది. ఫిజికల్ అంటే తాళం బ్యాంకు చేతిలోనే ఉందని. సింబాలిక్ అంటే నోటీసు అంటించారు, లోపల మనుషులు ఇంకా ఉండొచ్చని. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంకు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి, నెలలు పట్టొచ్చు. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు ఉన్న చోట ఆ రోజు చూడటం చాలా కష్టం. మొదటిసారి కొంటున్నవాళ్లు ఫిజికల్ పొజిషన్ ఉన్నదానికే వెళ్లాలని నా సలహా, రేటు కాస్త ఎక్కువైనా సరే. పాత యజమాని డీఆర్టీలో (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లో) కేసు వేశాడేమో కూడా చూసుకోండి.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, తాకట్లు నమోదు చేసే సెర్సాయ్ సైట్‌లో ఇంకో బ్యాంకు తాకట్టు ఉందేమో వెతకండి. తర్వాత అపార్ట్‌మెంట్‌కు వెళ్లండి. వాచ్‌మన్‌కు తెలిసినంత బ్యాంకు ఆఫీసర్‌కు తెలియదు. అసోసియేషన్‌ను బకాయి ఎంతో రాతపూర్వకంగా అడగండి. మీటర్ బోర్డు దగ్గర ఆ ఫ్లాట్ మీటర్ ఉందా, పీకేశారా చూడండి. కరెంటు బకాయి, నల్లా బకాయి, ఇంటి పన్ను విడివిడిగా కనుక్కోండి. హైదరాబాద్‌లో ఇంటి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ‘ఎక్కడ ఎలా ఉంటే అలాగే’ అమ్మిన ఆస్తి మీది కరెంటు బకాయిని కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఇవన్నీ ధరలో కలుపుకున్నాకే మీరు ఎంతవరకు పాడాలో తేల్చుకోండి.

డబ్బు గడువులు చాలా గట్టివి. పాటలో పాల్గొనడానికి ముందుగా కట్టే డిపాజిట్, ఈఎండీ, సాధారణంగా రిజర్వ్ ధరలో 10 శాతం. పాట మీకు దక్కితే, ఈఎండీతో కలిపి 25 శాతం అదే రోజు, లేదంటే మర్నాటి పనిదినానికల్లా కట్టాలి. మిగతాది వేలం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మొత్తం మీద మూడు నెలల దాకా పొడిగిస్తారు. గడువు దాటితే కట్టింది పోతుంది. లోన్ మీద కొంటుంటే, ఏ బ్యాంకు ఇస్తుందో, ఎన్నాళ్లలో ఇస్తుందో పాటకు ముందే మాట్లాడుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అందులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) మినహాయించి మీరే కట్టాలి.

తాళం చేతికొచ్చాక అందరూ చేసేది పెయింటింగ్. అది చివరికి పెట్టుకోండి. మొదట మెయిన్ వాల్వ్ కొంచెం కొంచెంగా తిప్పి నీళ్లు వదలండి. పాత జీఐ (ఇనుప) పైపులు తుప్పుపట్టి ఉంటే ఒక్కసారి ప్రెషర్ తగిలి గోడలోనే పగులుతాయి. ఒక మనిషిని కింది ఫ్లాట్‌లో నిలబెట్టి స్లాబు చూడమనండి. బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక వైరింగ్, ఎలుకలు కొరికి ఉంటాయి. దర్వాజాలను స్క్రూడ్రైవర్ వెనకతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే చెదలు పట్టినట్టే.

బ్యాంకు ఇచ్చే సేల్ సర్టిఫికెట్ రిజిస్టర్ చేయించుకున్నాక ఇంటి పన్ను మ్యుటేషన్, కరెంటు, నల్లా పేరు మార్పు ఒకదాని వెంట ఒకటి చేయించుకోండి. లోపల పాతవాళ్ల సామాన్లు ఉంటే పారేయకండి. ఫోటోలతో లిస్టు రాసి, బ్యాంకు ద్వారా వాళ్లకు కబురు పెట్టించండి. ఆ మూడో అంతస్తు ఫ్లాట్ అటక మీద పిల్లల మార్కుల మెమోలు, ఒక పెళ్లి ఆల్బమ్ దొరికాయి. కొత్తవాళ్లు వాటిని అట్టపెట్టెలో సర్ది నాకు ఇచ్చారు, ఆ పాతవాళ్ల అమ్మాయి వచ్చి పట్టుకెళ్లింది.