బొగ్గుముక్క వయసు అడిగే ముందు

పురావస్తు తవ్వకంలో దొరికిన బొగ్గు వయసును అందులో మిగిలిన రేడియోకార్బన్‌తో, అంటే కాలంతో పాటు తగ్గిపోయే ఒక రకం కార్బన్‌తో, లెక్కిస్తారు. కానీ తవ్వకంలో నల్లగా కనిపించిందల్లా బొగ్గు కాదు. మట్టిలో మాంగనీసు చారలు అచ్చం బొగ్గులాగే ఉండి కంటిని మోసగిస్తాయి. అనుమానం వస్తే గింజంత ముక్క ఆరబెట్టి నీళ్లలో వేసి చూడండి. మాంగనీసు రాయిలా మునుగుతుంది, బొగ్గు కాసేపైనా తేలుతుంది.

ముక్కను తాపీ మొనతో లేపి అల్యూమినియం రేకులో చుట్టండి. పొర సంఖ్య, లోతు అక్కడే రాయండి. మొదటి రోజుల్లో నేను దూదిలో చుట్టాను. దూది అంటే నిన్నమొన్నటి కార్బన్. పోగు పోగునా సూదితో ఏరుతూ ఒక రాత్రంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను. నాలుగు వేల ఏళ్ల బొగ్గులో ఒక శాతం కొత్త కార్బన్ కలిస్తే తేడా యాభై ఏళ్లే. నలభై వేల ఏళ్లదైతే అది దాదాపు 33 వేలుగా కనిపిస్తుంది. సన్నటి గడ్డివేళ్లనూ చిమటాతో తీసేయండి.

తర్వాత అది ఏ చెట్టుదో చూడాలి. బొగ్గును కోయకండి, విరవండి. కోస్తే పొడి నలిగి రంధ్రాలు పూడిపోతాయి. అడ్డంగా ఒకసారి, నిలువుగా రెండు దిక్కుల్లో విరిస్తే మూడు ముఖాలు దొరుకుతాయి. టేకులో ప్రతి ఏటి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు బారులు తీరి ఉంటాయి. వెదురులో వలయాలే ఉండవు, నాళాల గుత్తులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, రేడియోకార్బన్ చెప్పేది మంట వెలిగిన రోజు కాదు, ఆ కలప పెరిగిన సంవత్సరం. రెండు వందల ఏళ్ల దూలం చేవలోని ముక్క పంపితే, పొయ్యి ఆరిపోయిన కాలం కంటే రెండు శతాబ్దాలు పాత వయసు వస్తుంది. అందుకే నేను సన్నని కొమ్మలనే ఎంచుతాను. మాడిన ఉలవ, పెసర గింజ దొరికితే ఇంకా మేలు, అది ఒక్క ఏటి పంట. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఆ దిబ్బలు కాలిన పేడ కుప్పలు. అలాంటి చోట ఒక్క గింజ దొరికితే నా గుండె వేగం పెరుగుతుంది.

ప్రయోగశాలలో ముక్కను ఆమ్లంతో, క్షారంతో, మళ్లీ ఆమ్లంతో కడుగుతారు. సున్నం, మట్టిలోని సేంద్రియ ఆమ్లాలు పోతాయి. రేడియోకార్బన్ పరమాణువులను నేరుగా లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతికి ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. అయినా కడిగేటప్పుడు చాలా పోతుంది కాబట్టి ఇరవై మిల్లీగ్రాములైనా పంపండి. వచ్చే అంకె 1950 నుంచి వెనక్కి లెక్క. దాన్ని నేరుగా క్రీస్తుపూర్వంగా మార్చకండి, చెట్టు వలయాల వంటివాటితో సరిచూసిన, ఆ అంకెను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే ఇంట్‌కాల్20 అనే వక్రరేఖ మీద దిద్దాలి. యాభై వేల ఏళ్లు దాటితే ఈ పద్ధతి పనికిరాదు. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల నాటి తోబా (ఇండోనేషియా అగ్నిపర్వతం) బూడిద కింది పొరలకు వేరే దారి వెతకాలి.

ప్రయోగశాల ఆ ముక్కను కాల్చి వాయువుగా మారుస్తుంది, అది తిరిగి రాదు. పంపే ముందే మూడు ముఖాలకూ ఫొటోలు తీసి, మిగిలిన సగాన్ని అదే రేకులో దాచండి.