లేజర్ స్కాన్‌లో గోడ రెండుగా వస్తోందా? సమస్య – పరిష్కారం

పాయింట్ క్లౌడ్‌లో (లేజర్ స్కానర్ కొలిచిన లక్షల చుక్కల త్రీడీ రూపంలో) తేడా కనిపించగానే చాలామంది రిజిస్ట్రేషన్, అంటే వేర్వేరు చోట్ల తీసిన స్కాన్లను ఒకటిగా కలపడం, మళ్లీ మొదటి నుంచి చేస్తారు. పూట గడుస్తుంది, తేడా మాత్రం అలాగే ఉంటుంది. ముందు ఒక్కో స్కాన్‌నీ విడిగా తెరిచి చూడండి. అందులోనూ తేడా ఉంటే అది యంత్రానిదో, స్థలానిదో. అన్నీ కలిపాకే వస్తే రిజిస్ట్రేషన్‌ది. ట్రైపాడ్ మీద నిలిపే స్కానర్లకు వర్తించే విషయాలివి.

కలిపాకే గోడ రెండుగా కనిపిస్తోంది

టార్గెట్లు (స్కాన్లను కలపడానికి గుర్తుగా పెట్టే బోర్డులు, గోళాలు) ఎలా పెట్టారో చూడండి. అన్నీ ఒకే వరుసలో ఉంటే, ఆ గీత చుట్టూ స్కాన్ తిరిగిపోయినా సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ లాంటి చోట ఈ తప్పు సులువుగా జరుగుతుంది. 1223.5 మీటర్ల పొడవున పిట్టగోడ వెంటే టార్గెట్లు పెట్టుకుంటూ పోవాలనిపిస్తుంది. పైగా వాహనాలు వెళ్తుంటే డెక్ అదురుతుంది కాబట్టి స్కానర్ వంపును కొలిచే టిల్ట్ సెన్సర్‌ను నమ్మలేం, దాన్ని ఆపేస్తాం. అప్పుడు స్కాన్‌ను నిలబెట్టేవి టార్గెట్లొక్కటే. రోడ్డుకు రెండువైపులా, వేర్వేరు ఎత్తుల్లో, ప్రతి జత స్కాన్లకూ కనీసం నాలుగు ఉమ్మడి టార్గెట్లు ఉంచండి. లెక్కకు మూడు చాలు, నాలుగోది తప్పు పట్టడానికి.

టార్గెట్లు లేకుండా క్లౌడ్‌ను క్లౌడ్‌తో అతికిస్తే ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పియర్లన్నీ (బ్యారేజీ స్తంభాలు) ఒకేలా ఉంటాయి కాబట్టి స్కాన్ ఒక ఖానా (రెండు పియర్ల మధ్య దూరం) పక్కకు జరిగి కూర్చుంటుంది. ఎర్రర్ రిపోర్టు మాత్రం బాగానే ఉంటుంది! పొడవాటి కట్టడానికి రెండు చివర్లలోనే కాక మధ్యలో కూడా టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే యంత్రంతో) కొలిచిన కంట్రోల్ పాయింట్లు (స్థానం కచ్చితంగా తెలిసిన గుర్తులు) తప్పనిసరి.

ఒక్క స్కాన్‌లోనే గోడ విరిగినట్టుంది

చాలా స్కానర్లలో తల 180 డిగ్రీలే తిరుగుతుంది, అద్దం ముందువైపూ వెనకవైపూ ఒకేసారి చూస్తుంది. మొదలైన గీత దగ్గరికే చివర్లో మళ్లీ వస్తుంది. ఆ అతుకు దగ్గర మాత్రమే మెట్టు కనిపిస్తే స్కాన్ నడుస్తుండగా ట్రైపాడ్ కదిలిందన్నమాట. కృష్ణా నది ఇసుకలో కాళ్లు దిగబడతాయి. మే నెల మధ్యాహ్నం తారు మెత్తబడి మొనలు కూరుకుపోతాయి. కాళ్ల కింద వెడల్పాటి చెక్క ముక్కలో స్టీలు ప్లేట్లో వేసి, అయిదు నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ఆ స్కాన్‌ను సరిదిద్దడానికి ప్రయత్నించొద్దు, మళ్లీ తీయండి.

గట్టి కాంక్రీటు మీద కూడా మెట్టు వస్తే, ఒకే టార్గెట్‌ను యంత్రం రెండు ముఖాలతోనూ (ఒకసారి మామూలుగా, ఒకసారి తలను 180 డిగ్రీలు తిప్పి) కొలిచి చూడండి. తేడా తయారీదారు ఇచ్చిన పరిమితి దాటితే యంత్రాన్ని క్యాలిబ్రేషన్‌కు (కొలతలు సరిచేయించడానికి) పంపాల్సిందే.

అంచుల వెనక గాల్లో తేలే పాయింట్లు

ఉండవల్లి గుహల్లాంటి స్తంభాల వరుసల్లో ఇది బాగా కనిపిస్తుంది. లేజర్ చుక్క సగం స్తంభం మీద, సగం వెనక గోడ మీద పడితే కొన్ని యంత్రాలు రెంటికీ మధ్య దూరాన్ని ఇస్తాయి. బీమ్ విస్తరణ (దూరం పెరిగేకొద్దీ కిరణం వెడల్పవడం) 0.3 మిల్లీరేడియన్లయితే, అంటే మీటరుకు 0.3 మిల్లీమీటర్లయితే, 50 మీటర్ల దగ్గర ఆ విస్తరణ వల్లే చుక్క 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రిజల్యూషన్ పెంచితే ఇలాంటి పాయింట్లు ఇంకా ఎక్కువవుతాయే తప్ప తగ్గవు. స్కానర్‌ను దగ్గరికి జరపండి, సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పాయింట్లను తీసేసే ఎడ్జ్ ఫిల్టర్ వాడండి. స్తంభం వెడల్పును అంచు పాయింట్ల మీద కొలవొద్దు. స్తంభం రెండు ముఖాలకూ ప్లేన్ (చదునైన తలం) అమర్చి, అవి కలిసే గీతను అంచుగా తీసుకోండి.

నీటి కింద గేట్లు

నిశ్చలమైన నీరు అద్దంలా పనిచేస్తుంది. నీటి మీద పడి మళ్లిన కిరణం గేటును తాకి అదే దారిన తిరిగొస్తే, ఆ గేటు నీటి కింద తలకిందులుగా నమోదవుతుంది. స్కాన్ సమయంలో నీటిమట్టం రాసుకుని, దానికి కింద ఉన్నదంతా తీసేయండి. తడి రాయి మీద పాయింట్లే రాకపోతే మీ యంత్రం తరంగదైర్ఘ్యం చూడండి. 1550 నానోమీటర్ల లేజర్‌ను నీరు గట్టిగా పీల్చుకుంటుంది. రాయి ఆరేదాకా ఆగడమే మార్గం.

ఎండలో దూరాలు తేడా

ఉష్ణోగ్రత సెట్టింగ్ గురించి అవసరానికి మించి కంగారు పడుతుంటారు. ఒక డిగ్రీకి సుమారు 1 పీపీఎం (దూరంలో పది లక్షల్లో ఒక వంతు), అంటే 15 డిగ్రీలు తప్పు ఇచ్చినా 100 మీటర్లకు 1.5 మిల్లీమీటర్లే. అసలు దెబ్బ తారు మీద లేచే ఎండమావి. చూపు నేలకు మీటరు పైనుంచి పోయేలా స్కానర్‌ను ఎత్తండి. యంత్రానికి గొడుగు పట్టండి. పరిమితి 40 డిగ్రీలే ఉన్న మోడళ్లతో తెల్లవారుజామునే పని ముగించండి.

దుమ్ము

గుంటూరు మిర్చి యార్డు గోదాముల్లో గాల్లో చెల్లాచెదురుగా పాయింట్లు వస్తే అది ఎగిరే దుమ్ము. హమాలీల పని ఆగాక తీయండి. స్కాన్ మొత్తం ఇంటెన్సిటీ (తిరిగొచ్చే లేజర్ కాంతి బలం) పడిపోతే అద్దమే మురికైంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు చేతి బ్లోయర్‌తో ఊది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన లెన్స్ టిష్యూతో ఒకే దిశలో, ఒక్కో టిష్యూ ఒక్కసారే లాగండి. తర్వాత మునుపటి టార్గెట్‌నే అదే దూరం నుంచి స్కాన్ చేసి ఇంటెన్సిటీ పోల్చి చూడండి.