పాఠకుల ఫోన్ కాల్స్ తగ్గించిన షీటు, ఛానెల్

మాది చిన్న శాఖా గ్రంథాలయం, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలే ఎక్కువ వస్తారు, ఫలానా బుక్ ఉందా అని పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. వాట్సాప్ గ్రూప్ పెడితే గుడ్ మార్నింగ్‌ల కింద అసలు విషయం మునిగిపోయేది, పైగా నంబర్లు అందరికీ కనపడతాయని ఆడపిల్లలు చేరేవాళ్లు కాదు, అది న్యాయమే కదా. అందుకే వాట్సాప్ ఛానెల్‌కి మారాం, 2023లో వచ్చిన ఫీచరే, ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు, పోస్టింగ్ మాత్రం మనదే.

అసలు తంటా బుక్స్ లిస్టుతో వచ్చింది. పాత లిస్టంతా యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి) కాని డీటీపీ ఫాంట్‌లో కొట్టి ఉంది, అందరూ చూసుకునేలా గూగుల్ షీట్స్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో కొంచెం కొంచెంగా వేసి యూనికోడ్‌కి మార్చా, వత్తులూ సున్నాలూ మాత్రం కూర్చుని చేత్తో దిద్దాల్సిందే, దానికి దొడ్డిదారి లేదు. పక్కన ఇంకో కాలమ్‌లో అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాశా, ఎందుకంటే చాలామంది ఫోన్‌లో అలాగే టైప్ చేసి వెతుకుతారు. షేర్ చేసేటప్పుడు 'వ్యూయర్' అని పెట్టండి, 'ఎడిటర్' పెడితే ఎవరైనా చెరిపేయొచ్చు. బుక్ ఎవరు తీసుకెళ్లారో షీట్‌లో వద్దు, అది రిజిస్టర్‌లోనే ఉండాలి. షీట్‌లో 'ఉంది', 'బయట ఉంది' అంటే చాలు.

షీట్ లింక్‌కి క్యూఆర్ కోడ్ చేసి పేపర్లు చదివే బల్ల దగ్గర అంటించా. ఇప్పుడు పిల్లలు ముందే చూసుకుని వస్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది.