పచ్చళ్ల పక్కన యాక్సలాటల్

విజయనగరం మే ఉక్కపోత మనకే పడదు, మెక్సికోలోని సొచిమిల్కో సరస్సు జీవి, బల్లిలా ఉండి నీళ్లలోనే బతికే మా యాక్సలాటల్‌కేం పడుతుంది? తొట్టి నీళ్లు 27 డిగ్రీలు చూపించాయి. దానికి కావలసింది 16–18. మొప్పలు ముందుకు వంగిపోయాయి, తోక కొస కొక్కెంలా ముడుచుకుంది, వానపాము ముక్క నోటి దగ్గర పెట్టినా మొహం తిప్పేసింది.

నీటి మీదకు టేబుల్ ఫ్యాను తిప్పాను. గాలిలోనే ఇంత చెమ్మ ఉంటే నీళ్లేం ఆవిరవుతాయి? డిగ్రీన్నర తగ్గింది, అంతే. ఐసు సీసాలు వేస్తే వేడి దిగడం, మళ్లీ ఎక్కడం. అది ఇంకా చేటు.

చివరికి తొట్టి నీళ్లు చల్లబరిచే చిల్లర్‌కి ఆర్డరిచ్చాను. అది వచ్చేదాకా యాక్సలాటల్‌ని మూతకు చిల్లులున్న డబ్బాలో, క్లోరిన్ తీసిన నీళ్లు రోజూ మారుస్తూ, ఫ్రిజ్‌లో ఉంచాను.

"పచ్చళ్ల పక్కన బల్లేట్రా!" అని అమ్మ గోల.

చిల్లర్ పెట్టిన మూడో రోజు వానపామును గుటుక్కున మింగింది.