గండికోటకు సరిపోయే కెమెరా, కల్యాణ మండపానికి కావలసిన కెమెరా

కడప చుట్టుపక్కల సరదాగా ఫొటోలు తీసేవారు ఎక్కువగా వెళ్లేది గండికోట, సిద్ధవటం, పుష్పగిరి, ఒంటిమిట్ట వంటి చోట్లకు. అదే కెమెరాతో నాలుగు డబ్బులు సంపాదించాలనుకున్నప్పుడు మాత్రం వచ్చే ఆర్డర్లు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, నామకరణాలు, గృహప్రవేశాలు. మొదటివి ఆరుబయట, మంచి వెలుతురులో, కదలని రాళ్లనూ గోపురాలనూ తీసే ఫొటోలు. రెండోవి మండపం లోపల, ట్యూబులైట్ల కింద, క్షణం నిలవని మనుషులను తీసే ఫొటోలు. ఈ తేడా గమనించకుండా మొదటి పనికి కొన్న సామగ్రితో రెండో పని ఒప్పుకోవడం వల్లనే కొత్తవారికి చాలా ఇబ్బందులు వస్తాయి కనుక, ఏ కెమెరా కొనాలి, ఎప్పుడు డబ్బు తీసుకుని పని చేయాలి అనే ప్రశ్నలను కలిపే ఆలోచించాలి.

అభిరుచి కోసమే అయితే ఖరీదైన కెమెరా అవసరం లేదు. గండికోటలో పెన్నా లోయను ఉదయం వెలుతురులో తీయడానికి, కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్సును ఎఫ్ 8 (ఎఫ్ సంఖ్య చిన్నదయ్యే కొద్దీ లెన్సు ద్వారం పెద్దదవుతుంది) దగ్గర పెట్టి, గట్టి ట్రైపాడ్ మీద నిలిపితే, పదేళ్ల నాటి కెమెరా కూడా పెద్ద సైజు ప్రింటుకు పనికొచ్చే ఫొటో ఇస్తుంది. అయితే గండికోట, ఒంటిమిట్ట వంటి రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్, లైట్లు పెట్టి తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

మండపంలోకి అడుగు పెట్టగానే లెక్క మారిపోతుంది. ఆ 18-55 లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే దాని ద్వారం ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ఎఫ్ 1.8 ఉన్న చవకైన లెన్సు దానికి సుమారు పది రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది. అంటే మొదటి లెన్సుతో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే తీవ్రత) 6400 పెట్టి గింజలు గింజలుగా వచ్చే ఫొటోను, రెండో లెన్సుతో 640 దగ్గరే శుభ్రంగా తీయవచ్చు. బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) మార్చితే ఇంత లాభం రాదు. అందువల్ల డబ్బు పరిమితంగా ఉన్నవారు పాత బాడీనే ఉంచుకుని, ముందు ఒక మంచి లెన్సు, తరువాత ఒక ఫ్లాష్ కొనడమే సరైన వరుస అని నేను గట్టిగా చెబుతాను.

ఏ లెన్సు అన్నది మీ కెమెరా సెన్సరును (లోపల ఫొటోను పట్టే పలకను) బట్టి ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36×24 మిల్లీమీటర్లు ఉంటుంది. తక్కువ ధర కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సి సెన్సరు దానికంటే చిన్నది కనుక, దాని మీద 50 ఎంఎం లెన్సు 75 లేదా 80 ఎంఎం లెన్సు చూపినంత మేరకే చూపిస్తుంది. పెళ్లికూతురిని చేసే వేడుక ఇంట్లో చిన్న గదిలో జరుగుతుంటే వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి, ఈ కెమెరాలకు 50 కంటే 35 ఎంఎం లెన్సే ఎక్కువ ఉపయోగపడుతుంది. మరికొంత ఖర్చు పెట్టగలిగితే 17-50 ఎఫ్ 2.8 జూమ్ లెన్సు ఒక్కటే ముక్కాలు భాగం పనిని చూసుకుంటుంది. నికాన్ 3000, 5000 వరుసల డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉన్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కనుక, చవకగా దొరికే పాత ఏఎఫ్-డి లెన్సులు వాటి మీద తమంతట తాము ఫోకస్ చేయవు. కొనేటప్పుడు ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

కానన్, నికాన్ రెండూ 2018లో అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చిన తరువాత డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు వస్తున్నాయి. నేర్చుకునేవారికి ఇది మంచి అవకాశమే కానీ, పెళ్లిళ్లలో అరిగిపోయిన కెమెరా చేతికి రాకుండా చూసుకోవాలి. పగటిపూట, అమ్మేవారి ఎదుటే, తొందరపడకుండా పరీక్షించండి. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీది నంబరుతో సరిపోవాలి. బిల్లు లేదంటే ఆ బేరం అక్కడితో వదిలేయడం మంచిది. నికాన్ అయితే తీసిన ఫొటో ఫైలులోనే షట్టర్ ఎన్నిసార్లు పడిందో నమోదై ఉంటుంది, ఆ లెక్క ఎంత ఎక్కువైతే కెమెరా అంత అరిగినట్టు. తరువాత ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్లటి గోడను ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సరు మీద దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. ఎండాకాలం గాలి దుమారాలు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో కొంత దుమ్ము సహజమే, బ్లోయరుతో ఊదితే పోతుంది. ఎంత ఊదినా కదలని మచ్చ ఉంటే ధర తగ్గించమనాలి. లెన్సును విడిగా తీసి, ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, మరో వైపు నుంచి చూడండి. లోపలి అద్దాల మీద సన్నటి సాలెపోగుల వంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, అలాంటి లెన్సు ఎంత తక్కువకిచ్చినా కొనకూడదు. చివరిగా మీ ఫ్లాషును తగిలించి వరుసగా ఇరవై సార్లు కొట్టి చూడండి. ఏళ్ల తరబడి ఫ్లాష్ ఎక్కించి దించిన బాడీల్లో ఫ్లాష్ తగిలించే పైగాడి లూజై, మధ్య మధ్యలో ఫ్లాష్ వెలగకపోవడం జరుగుతుంది.

డబ్బు తీసుకుని పెళ్లి తీయాలనుకునేవారికి నేను పెట్టే షరతు ఒకటే: కెమెరాలో రెండు మెమరీ కార్డులు పట్టాలి, ప్రతి ఫొటో రెండింటిలోనూ పడాలి. నికాన్ డి750, సోనీ ఏ7 మూడు వంటి వాటిలో ఈ ఏర్పాటు ఉంది. నేర్చుకునేవారి కోసం చేసిన చాలా కెమెరాల్లో ఒకటే స్లాటు ఉంటుంది. అలాంటి కెమెరా ఉన్నవారు పెళ్లి రోజుకు రెండు స్లాట్లున్న దాన్ని అద్దెకు తెచ్చుకోవాలి, ఆ అద్దెను ధరలోనే కలుపుకోవాలి. పుట్టినరోజు ఫొటోలు పోతే కేకు మళ్లీ కోయించవచ్చు, తాళి కట్టిన క్షణాన్ని మళ్లీ తేలేము.

మొదటి పెళ్లిని ఒంటరిగా ఒప్పుకోవద్దు. అనుభవమున్న ఫొటోగ్రాఫరు దగ్గర రెండో కెమెరాగా కొన్ని పెళ్లిళ్లు చేయండి, ఆ ఫొటోలను మీవిగా చూపుకోవచ్చా అని ముందే అడగండి. అక్కడ నేర్చుకోవలసింది సెట్టింగుల కంటే తంతు వరుస. జీలకర్ర-బెల్లం వేళకు తెర ఎటు దించుతారు, తాళి కట్టేటప్పుడు వరుడు ఎటువైపు నిలబడతాడు అన్నది పురోహితుల వారిని పది నిమిషాల ముందు అడిగితే సంతోషంగా చెబుతారు. వరుడి చేతులు అడ్డురాని వైపు మీరు ముందే చేరి ఉండాలి, ఎందుకంటే గట్టిమేళం మొదలయ్యాక పెద్దలంతా ముందుకు వస్తారు, ఆ తరువాత కదలడానికి వీలుండదు. అక్షతలు పడుతున్నప్పుడు ఆటో ఫోకస్ గాలిలోని గింజలను పట్టుకుంటుంది కనుక, ముందుగానే వధువు ముఖం మీద ఫోకస్ పెట్టి లాక్ చేసుకోవాలి. ఫ్లాషును నేరుగా కొడితే దగ్గరి గింజలు, హోమం పొగ తెల్లగా మెరిసి ముఖాలను కప్పేస్తాయి. సీలింగు తెల్లగా ఉంటే ఫ్లాషును పైకి తిప్పి కొట్టవచ్చు, కానీ ఎర్రటి, పసుపు పచ్చటి షామియానా గుడ్డ ఉన్నచోట ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది కనుక, పక్క నుంచి, వెలుతురును మెత్తగా చేసే చిన్న సాఫ్ట్‌బాక్సుతో వెలుతురు ఇవ్వడమే మేలు. ఎలా తీసినా 'రా' (RAW) అనే ముడి ఫైలుగా తీసుకుంటే రంగును తరువాత సరిచేసుకునే వీలుంటుంది. ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డచారలు వస్తుంటే షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వేగాల దగ్గర చారలు చాలావరకు పోతాయి.

ధర చెప్పేటప్పుడు పెళ్లి రోజును మాత్రమే లెక్కపెట్టడం అందరూ చేసే పొరపాటు. రెండు వేల ఫొటోలు తీస్తే, ఒక్కోదానికి ఐదు సెకన్లు చొప్పున చూసి ఏరడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది. వాటిలో నాలుగు వందలు ఎంచి ఒక్కోదానికి నిమిషంన్నర కేటాయిస్తే ఎడిటింగుకు మరో పది గంటలు. ఆల్బమ్ డిజైను, ప్రింటు, ప్రయాణం, సామగ్రి అరుగుదల వీటి మీద అదనం. ఈ మొత్తం చూసుకుని చెప్పిన ధర పక్కవారి ధర కంటే ఎక్కువైనా భయపడనక్కర లేదు. బంధువుల విషయంలో "మనవాళ్లే కదా" అనే మాట తప్పక వస్తుంది. కానుకగా చేయదలిస్తే పూర్తిగా కానుకగానే చేయండి, డబ్బు తీసుకుంటే పూర్తి ధరే తీసుకోండి. సగం డబ్బుకు ఒప్పుకుంటే అటు మర్యాదా మిగలదు, ఇటు ఆదాయమూ మిగలదు.

మాట ఎంత నమ్మకమైనదైనా ఒక కాగితం మీద రాసుకోండి: తేదీలు, ఎన్ని గంటలు, ఎన్ని ఫొటోలు, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు. మిగిలిన డబ్బు ఆల్బమ్ చేతికిచ్చే ముందే అందాలని అందులో ఉండాలి. ఫొటోల హక్కు సంగతీ రాయాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవాలన్నా, స్టూడియో గోడకు తగిలించాలన్నా, వధూవరుల అంగీకారం ఆ కాగితం మీదే తీసుకోవాలి. సంవత్సరానికి 20 లక్షల రూపాయల రాబడి దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంతవరకు కూడా ఆదాయ వ్యయాలను ఒక పుస్తకంలో రాసుకోండి.

పెళ్లి ముగిసి ఇంటికి చేరిన రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, ఫొటోలన్నింటినీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకదాన్ని వేరే ఇంట్లో ఉంచండి. కార్డులను మాత్రం ఆల్బమ్ అందిందని ఆ ఇంటివారు చెప్పేదాకా ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టండి.