గుండె లయ తప్పితే: లక్షణం, కారణం, చేయాల్సింది

దడ వస్తే ముందు నాడి చూడండి. మూడు వేళ్ల కొసలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. బొటనవేలితో చూడొద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది. 15 సెకన్లు చూసి నాలుగింతలు చేస్తే తప్పిన లయ దొరకదు. కూర్చున్న పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు. అంకె కన్నా దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి సమంగా ఉందా లేదా అన్నది ముఖ్యం.

దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, చల్లటి చెమటలు ఉన్నా, స్పృహ తప్పినా నాడి లెక్క అక్కర్లేదు. 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని ఈనో తాగి చూద్దామని ఆగొద్దు. సాయంత్రం పూట అమీర్‌పేట ట్రాఫిక్‌లో సొంతంగా బండి నడుపుకుంటూ అసలే వెళ్లొద్దు.

ఒక దెబ్బ ఎగిరిపోయి, తర్వాతది గట్టిగా తగిలితే

ఇది ఎక్టోపిక్, అంటే వరస తప్పి పడే అదనపు దెబ్బ. వేళకు ముందే ఒక దెబ్బ పడి, తర్వాత చిన్న విరామం వస్తుంది. ఆ విరామంలో గుండెలోకి రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ ఛాతీని తన్నినట్టుంటుంది. ఆరోగ్యవంతుల్లోనూ వస్తుంది, చాలావరకు ప్రమాదం లేదు. నిద్ర లేకపోవడం, సిగరెట్, మద్యం, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు దీన్ని పెంచుతాయి. కొందరికి ఆఫీసు పూట వరసగా తాగే ఇరానీ చాయ్ కూడా. రెండు వారాలు మానేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మే ఎండల్లో విరేచనాలయ్యాక మొదలైతే పొటాషియం, మెగ్నీషియం తగ్గి ఉండొచ్చు. లీటరు నీళ్లకు కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరులోనే కలపండి, గ్లాసులో కాదు. తగ్గకపోతే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), పొటాషియం పరీక్షలు, ఈసీజీ చేయించాలి. ఇంతకుముందే గుండెజబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా ఆ రెండు వారాలు ఆగొద్దు.

స్విచ్ వేసినట్టు మొదలై నాడి 150 దాటితే

లయ సమంగా ఉండి, ఎలా వచ్చిందో అలాగే టక్కున ఆగితే ఎస్‌వీటీ (గుండె పై భాగంలో మొదలయ్యే అతివేగపు లయ) కావొచ్చు. గుండెలోని విద్యుత్తు ఒక అదనపు దారిలో గిరగిరా తిరుగుతుంది. ఇంతకుముందు ఈసీజీలో ఎస్‌వీటీ అని తేలి, డాక్టరు నేర్పి ఉంటే ఇలా చేయండి: సగం వాలి కూర్చుని, 10 మి.లీ. సిరంజిలోకి పిస్టన్ కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదండి. వెంటనే వెల్లకిలా పడుకుంటే పక్కవాళ్లు కాళ్లు 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. ఆగకపోతే, లేదా ఇదే మొదటిసారైతే ఎమర్జెన్సీకి వెళ్లండి. మెడ నరం నొక్కే ప్రయోగాలు ఇంట్లో వద్దు.

ఏ వరసా లేకుండా కొట్టుకుంటే

డాక్టర్లను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే చాలామందికి దడే తెలియదు, అలసట మాత్రమే ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ జబ్బులో గుండె పై గదులు ముడుచుకోకుండా వణుకుతాయి. రక్తం నిలిచి గడ్డ కట్టి, అది మెదడుకు చేరితే పక్షవాతం. బీపీ మెషీన్ పదేపదే లయ తప్పిన గుర్తు చూపిస్తే వదిలేయకండి, ఈసీజీ తీయించండి. ఈ జబ్బు ఉండి 65 దాటినవారికి, దీంతో పాటు బీపీ, షుగర్ ఉన్నవారికి రక్తం పలచబడే మందు తరచుగా కావాలి. ఆస్పిరిన్ దానికి బదులు కాదు. అలాంటి మందుగా వార్ఫరిన్ ఇస్తే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష అంకె) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. తోటకూర, పాలకూర ఈ మందు ప్రభావాన్ని తగ్గించగలవు, అయినా మానక్కర్లేదు, వారంవారం ఒకే మోతాదులో తినాలి. మూతి వంకరపోయినా, మాట ముద్దయినా, చెయ్యి పడిపోయినా 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణం మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

నాడి 50 కంటే తక్కువై కళ్లు తిరిగితే

బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) మోతాదు ఎక్కువైందేమో, హార్ట్ బ్లాకేమో (రక్తనాళంలో కాదు, గుండెలోని విద్యుత్తు దారిలో అడ్డు) అదే రోజు తేల్చుకోవాలి. మాత్ర సొంతంగా మానొద్దు.

ఆసుపత్రి చేరేలోపే దడ ఆగిపోతే

మామూలు ఈసీజీ చూసేది దాదాపు 10 సెకన్లనే. అది నార్మల్ వచ్చిందంటే ఆ పది సెకన్లు బాగున్నట్టు, అంతే. రోజూ వచ్చే దడకు 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకునే ఈసీజీ రికార్డర్) సరిపోతుంది. వారానికోసారి వచ్చేదానికి వారం, రెండు వారాలు ఛాతీ మీద అంటించి ఉంచే ప్యాచ్ కావాలని అడగండి. ఈసీజీ తీసే వాచీ ఉంటే దడ ఉండగానే కదలకుండా 30 సెకన్లు రికార్డు చేసి, ఆ పీడీఎఫ్ డాక్టరుకు చూపించండి.