వాణిజ్య భవనాలకు ఏసీ ఎంపిక – మూడవ పాఠం: టన్నుల లెక్క, కరెంటు లెక్క

గోడలు, పైకప్పు, కిటికీ అద్దాల గుండా లోపలికి చేరే వేడిని కొలిచే పద్ధతి రెండవ పాఠంలో చూశాం. ఆ అంకెలకు మిగిలినవి కలిపి, యంత్రం ఎంత ఉండాలో ఇప్పుడు తేలుద్దాం. ముందుగా టన్ను అన్న మాట సంగతి. అది యంత్రం బరువు కాదు. 2,000 పౌన్ల మంచు 24 గంటల్లో పూర్తిగా కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అదే వేగంతో గదిలోని వేడిని బయటికి తోడగల సామర్థ్యం. లెక్కలో అది గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే బ్రిటిష్ ప్రమాణం), అంటే 3.517 కిలోవాట్లు.

ఉదాహరణకు 80 చదరపు మీటర్ల సమావేశ మందిరంలో 24 మంది కూర్చుంటారనీ, బయట 38 డిగ్రీలు ఉండగా లోపల 24 డిగ్రీలు కావాలనీ అనుకుందాం. గోడలు, పైకప్పు ద్వారా 1,600 వాట్లు, పడమటి అద్దాల ద్వారా 3,200 వాట్లు వస్తున్నట్టు గత పాఠం పద్ధతిలో తేలిందనుకుందాం. దీపాలకు 800, ల్యాప్‌టాప్‌లకు 1,200 కలపాలి. కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి సుమారు 75 వాట్ల వేడి గదిలోకి చేరుతుంది. ఊపిరి, చెమటలలోని తేమ రూపంలో మరో 55 వాట్ల గుప్తోష్ణం చేరుతుంది. 24 మందికి అవి వరుసగా 1,800, 1,320 వాట్లు.

చాలామంది మరిచిపోయేది బయటి గాలి. మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, నేల చదరపు మీటరుకు 0.3 లీటరు చొప్పున ఈ గదికి 84 లీటర్ల తాజా గాలి కావాలి. దానిని 14 డిగ్రీలు చల్లబరచడానికి 1.2 × 84 × 14, అంటే సుమారు 1,400 వాట్లు (ఇక్కడి 1.2, తరువాతి 3 గాలి లీటర్లను వాట్లలోకి మార్చే గుణకాలు). కిలో గాలి నుంచి 8 గ్రాముల తేమ తీయవలసి ఉంటే 3 × 84 × 8, అంటే సుమారు 2,000 వాట్లు. అన్నీ కూడితే ఉష్ణోగ్రతను పెంచే వేడి 10,000 వాట్లు, తేమ భారం 3,320 వాట్లు, మొత్తం 13,320 వాట్లు. టన్నులలో 3.8.

ఇదే గదికి ‘150 చదరపు అడుగులకు ఒక టన్ను’ అన్న వాడుక లెక్క వేస్తే 5.7 వచ్చి, 6 టన్నుల యంత్రం గోడకెక్కుతుంది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అన్న ఆలోచన నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. అటువంటి అతి పెద్ద యంత్రం ఉన్న ఒక పఠన మందిరంలో నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. కంప్రెసర్ నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయేది, తొమ్మిది నిమిషాల తరువాత మళ్ళీ మొదలయ్యేది. డ్రైన్ పైపు మూతి దగ్గర చుక్క కనబడే వేళకు కంప్రెసర్ ఆగేది. ఫ్యాను మాత్రం తిరుగుతూ, కాయిల్‌పై (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టపై) అంటుకున్న నీటిని మళ్ళీ గదిలోకే ఆవిరిగా పంపేది. గది చల్లగానే ఉంది, కానీ కాగితాలు మెత్తబడ్డాయి. ఒళ్ళు జిడ్డుగా ఉందంటూ పాఠకులు థర్మోస్టాట్‌ను ఇంకా తగ్గించమంటున్నారు. మన మందిరంలో 3,320 వాట్ల తేమ భారమంటే గంటకు దాదాపు అయిదు లీటర్ల నీరు. నిండు భారం ఉన్న రోజున డ్రైన్ కింద బకెట్ పెట్టి చూస్తే యంత్రం తన పని చేస్తున్నదో లేదో తెలిసిపోతుంది.

అయితే 3.8 వచ్చింది కనుక 4 టన్నులని రాసి ఉన్నది తెచ్చుకుంటే చాలదు. కేటలాగు మొదటి పేజీలోని సామర్థ్యం సాధారణంగా బయట 35, లోపల 27 డిగ్రీల వద్ద కొలిచినది. బయట వేడి పెరిగినా, లోపలి గాలి అంతకన్నా చల్లగా, పొడిగా ఉన్నా ఆ అంకె తగ్గుతుంది. అందువల్ల తయారీదారు ఇచ్చే వివరమైన పట్టికలో మన 38, 24 డిగ్రీల వరుసను వెతికి, అక్కడ మొత్తం సామర్థ్యం 13.3 కిలోవాట్లకూ, అందులో ఉష్ణోగ్రతను తగ్గించే భాగం 10 కిలోవాట్లకూ తగ్గని నమూనాను ఎంచుకోవాలి.

ఇక కరెంటు. తోడిన వేడిని వాడిన విద్యుత్తుతో భాగిస్తే, రెండూ వాట్లలో ఉన్నప్పుడు వచ్చేది సీఓపీ. వేడిని బీటీయూలలో తీసుకుంటే ఈఈఆర్. మొదటిదాన్ని 3.412తో హెచ్చిస్తే రెండవది వస్తుంది. మందిరం నిండుగా, ఎండ తీవ్రంగా ఉండే గంటలు ఏడాదిలో కొద్ది మాత్రమే కనుక, నిండు భారం దగ్గరి అంకెను మాత్రమే చూసి కొనడం తగదు. నిండు భారంలో 3.6, సగం భారంలో 3.4 సీఓపీ ఇచ్చే యంత్రం ఒకటి, 3.3, 4.6 ఇచ్చే ఇన్వర్టర్ యంత్రం (భారాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేది) మరొకటి ఉన్నాయనుకోండి. ఏడాదికి 200 గంటలు నిండు భారంతో, 1,500 గంటలు సగం భారంతో నడిస్తే మొదటిది సుమారు 3,670 యూనిట్లు, రెండవది 2,975 యూనిట్లు వాడతాయి. అయితే ఇన్వర్టర్ కూడా ఒక కనిష్ఠ వేగం కన్నా కిందికి దిగలేదు. మరీ పెద్దది పెడితే అదీ ఆగుతూ నడుస్తూనే ఉంటుంది.

అభ్యాసం: పడమటి అద్దాలకు బయట నీడ పలకలు అమర్చి, వాటి నుంచి వచ్చే వేడిని సగానికి తగ్గించారు. కొత్త టన్నులెన్ని? మొత్తం భారంలో తేమ వాటా పెరిగిందా, తగ్గిందా? లెక్క కట్టి ఉంచుకోండి. నాలుగవ పాఠం ఆ జవాబు నుంచే మొదలవుతుంది.